జగన్నాధం తెచ్చిన పెట్టె

గరివిడి,
ఆదివారం, 17 నవంబరు 2024.

ప్రియమైన జగన్నాధం బావకి,

చంద్రమౌళి నమస్కరించి రాస్తున్న సంగతులు. నువ్వూ అక్కయ్యా రాయగడలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ సెక్షన్లో రిటైరై నాలుగేళ్ళయింది. మా ఆవిడ కూర్మమ్మ రెండేళ్ళ కిందట పోయింది. నీకు కబురు చేయలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళంతా నా కళ్ళవైపు చూశారు. నాకు ఏడుపు రాలేదు. షామియానా తాడు ఒకవైపు వదులుగా ఉందని చూస్తూ కూర్చున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. చుట్టరికం లేకపోయినా ఆర్కెస్ట్రా రోజుల నుంచీ బావా అనే పిలిచాను, అలాగే రాస్తున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనైతే మధ్యలో నేనే పెట్టేస్తాను. అందుకని కాగితం.

మీ అమ్మ దేముడమ్మగారు భాద్రపదంలో పోయిన సంగతి నీకు తెలుసు. పదో రోజున నువ్వు ఆమదాలవలస స్టేషన్లో దిగావనీ, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని తిరుగు బండెక్కేశావనీ టీకొట్టు నారాయణమ్మ నాతో చెప్పింది. అక్కణ్ణుంచి మీ ఇంటికి పది నిమిషాల నడక. నువ్వెందుకు నడవలేదో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. పోయిన వారం మీ చెల్లెలు అనూరాధ ఫోను చేసింది. మీ ధాన్యం కొట్టు వెనక గదులు ఖాళీ చేస్తున్నారట. అటక మీద గోనెపట్టాలో చుట్టిన పెట్టె దొరికిందట. ఏ పెట్టె అని నేను అడగలేదు. నీ తమ్ముడు రమేష్‌బాబు గిటారు మోగించిన పెట్టె. నువ్వు తెచ్చిన యాంప్లిఫయర్. ఆ అటక తాళంచెవి మీ అమ్మ కొంగుకే ఉండేదట, చివరిదాకా. మంచాన పడ్డాక ఆవిడ అనూరాధతో ఒకే మాట రెండుసార్లు చెప్పిందట.

"ఆ పెట్టి నా కొడుకుని తినేసినాది. నా తర్వాత దాన్ని ఇరగ్గొట్టి ఏట్లో పడేయండి."

అనూరాధ అలాగే చేసేదే. ఆవిడ కూతురు ఉష అడ్డుపడింది. ఆ పిల్ల విశాఖలో ఇంజనీరింగ్ చదువుతోంది, గిటారు కూడా నేర్చుకుంటోంది. పెట్టెని ఫోనులో ఫొటో తీసి వెతికితే, అది ఇంగ్లండులో అరవై ఐదేళ్ళ కిందట తయారైన, పాత రేడియోల్లోలా గాజు వాల్వులుండే యాంప్లిఫయర్ అయి ఉండొచ్చనీ, అలాంటివి ఇప్పుడు దొరకవనీ తేలిందట. కానీ నకళ్ళు కూడా ఉంటాయట. తెలిసినవాళ్ళెవరైనా విప్పి చూడాలి. మన వైపు ఇంకా వాల్వులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని అనూరాధ నన్ను పిలిచింది. రమేష్‌బాబు పోయినప్పుడు పక్కనున్నవాణ్ణి కూడా నేనేనన్న సంగతి ఆవిడ ఫోనులో ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

గురువారం పొద్దున్న పాసింజరుకి వెళ్ళాను. కొట్టులో కాటా పక్కన బల్ల మీద పెట్టారు దాన్ని. చూడగానే గుండె గుభేలుమంటుందనుకున్నాను. ఏమీ కాలేదు. దుమ్ము బాగా పట్టిందని మాత్రం అనిపించింది. నీతో అబద్ధం ఎందుకు, అంతే అనిపించింది.

దాన్ని ఎక్కడ కొన్నావో నీకు గుర్తుండే ఉంటుంది. విజయనగరం రైల్వే క్వార్టర్లలో, గార్డుగా చేసిన ఫ్రాన్సిస్ దొర ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాన్లు అమ్మేసినప్పుడు. మంచం, బీరువా అన్నీ పోయాయి, ఇదొక్కటే ఎవరికీ అక్కర్లేక వరండాలో ఉండిపోయింది. మనిద్దరం చెరోవైపు పట్టుకుని బండెక్కించాం. తమ్ముడికి ఇస్తే వాడు రెండు రోజులు అన్నం కూడా దాని మీదే పెట్టుకుని తిన్నాడు. మన ఆర్కెస్ట్రాలో అదివరకు వాడి గిటారు ఎవరికీ వినపడేది కాదు.

పెట్టె అసలుదా నకలా అన్నది పైరూపం చూసి చెప్పకూడదు. బట్ట మార్చొచ్చు. పేరు అక్షరాలు అతికించొచ్చు. ముందువైపు పాత టీవీ ముఖంలా మూలలు గుండ్రంగా ఉంది, 'వాక్స్' అని ఉంది. అలాంటి ముఖం రెండు మూడేళ్ళే చేశారంటుంది ఉష. నేను దాన్ని పక్కన పెట్టి వెనక పలక విప్పాను. ఉష ఫోను లైటు పట్టుకుంది.

వాల్వులు చూశాను. పెద్ద గొంతుకి రెండు, కరెంటుని సరిచేసేది ఒకటి, ముందు వరసలో చిన్నవి. అందులో ఒకటి ఈఎఫ్ ఎయిటీసిక్స్. వేలితో తడితే స్పీకర్లో పలుకుతుంది, అంత సున్నితం. అది చీటికీ మాటికీ మొరాయిస్తుందని తర్వాత్తర్వాత పెద్ద పెట్టెల్లో దాన్ని మానేశారు. అది ఉందంటే మొదటి రోజుల పెట్టె అని ఒక గుర్తు. అయితే వాల్వులు కూడా ఊడదీసి ఎవరైనా పెట్టగలరు. స్పీకరు అంచున కొట్టిన అక్షరాలని గుడ్డతో తుడిచి ఉష చేత చదివించాను. నెల, సంవత్సరం ఆ అక్షరాల్లో దాగి ఉంటాయి. ఆ పిల్ల ఫోనులో పోల్చి 1960 అంది.

చివరికి అడుగుపెట్టె బోర్లించి లోపలి వైరింగు చూశాను. నకలు చేసేవాడు అక్కడ దొరికిపోతాడు. ఇప్పటివాటిలో అచ్చుకొట్టిన బోర్డు ఉంటుంది. ఇందులో ప్రతి తీగా చేత్తో వంచి, ఇత్తడి మొలకి చుట్టి, సోల్డరింగ్ చేశారు. ఆ సోల్డరింగ్ అంతా ఒకే వయసుది, ఒకే మసక. ఒక మూల మాత్రం రెండు చుక్కలు కొంచెం మెరుస్తున్నాయి. అవి నావి. తొంభైలో ఒక కెపాసిటర్ పోతే మార్చాను. మిగతాదంతా ఇంగ్లండులో ఎవరో ఒక మనిషి చేయి. వంపులన్నీ ఎడమవైపుకే ఉన్నాయి. ఎడమచేతివాడో, ఎడమచేతిదో.

అసలుదే అని చెప్పాను. ఉష సంతోషపడింది. అనూరాధ సంతోషపడలేదు. మెట్టు మీద కూర్చుని, అయితే ఇప్పుడిది మోగుతుందా అని అడిగింది.

నేను తెరిచి చూసినవన్నీ నీకు రాశాను, ఒకటి తప్ప.

మోగించడానికి ఆ రోజంతా పట్టింది. తడి ఆరేందుకు బల్బు వేడి పెట్టాను. ఎండిపోయిన కెపాసిటర్లు రెండు మార్చాను. కరెంటు తీగ కొత్తది, మూడు పిన్నులది వేశాను. ముందు సిరీస్ బల్బు గుండా కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చాను. నాలుగున్నరకి వాల్వుల్లో ఎర్రటి వెలుగు వచ్చింది. ఉష గిటారు తగిలించబోయింది. అనూరాధ లేచి వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

అప్పుడు నేనొక పని చేశాను. చెంబుడు నీళ్ళు నేల మీద పోసి, చెప్పులు విప్పి అందులో నిలబడ్డాను. గిటారు నేనే పెట్టెకి తగిలించి, ఎడమచేత్తో దాని తీగలన్నీ గుప్పిట పట్టుకున్నాను. కుడిచేత్తో గోడ వెంబడి వచ్చే కుళాయి ఇనప గొట్టం పట్టుకున్నాను. అనూరాధ కళ్ళు మూసుకుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఉష ఇక చాలు మావయ్యా అనేదాకా నిలబడ్డాను. షాకు కొట్టలేదు, నాకేమీ కాలేదు. ఏమీ అనిపించలేదు కూడా. ఏదైనా అయితే బాగుండుననిపించిందని మాత్రం ఇప్పుడు రాస్తున్నప్పుడు తెలుస్తోంది.

ఉష మీటింది. కొత్త పాటేదో, నాకు తెలియదు. వాడిలా వాయించదు ఆ పిల్ల, ఇంకా నేర్చుకుంటోంది. కానీ గొంతు పెట్టెది కదా. అనూరాధ గోడవైపు తిరిగి, "సిన్నన్నయ్య సప్పుడే" అంది. ఉష ఆగింది. ఆగొద్దని అనూరాధ చేత్తో సైగ చేసింది. ధాన్యం అమ్మడానికి వచ్చిన ఒక రైతు కాటా దగ్గర నిలబడి పాట అయ్యేదాకా విని, తర్వాత బస్తా దింపాడు.

టీ తెచ్చాక అనూరాధ నా ఎదురుగా కూర్చుని అడిగింది. "ఇప్పుడు కొట్టనిది అప్పుడెందుకు కొట్టినాది, మౌళన్నయ్యా?"

పాత తీగ తీసేసి కొత్తది వేశానమ్మా అన్నాను. అది నిజమే. టీ తాగి బండికి టైమయిందని లేచాను.

గుమ్మం దాకా వచ్చి ఆవిడ చెప్పిన మాట కోసమే ఈ ఉత్తరం. "ఏట్లో పడేయాలో ఉంచాలో నాను సెప్పలేను. అమ్మ మాట దాటలేను, దీన్ని ఇరగ్గొట్టలేను. తెచ్చినోడు సెప్పాల. పెద్దన్నయ్యకి నువ్వే రాయి." ఆ ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్ళలో నిన్ను పెద్దన్నయ్య అనడం ఎవరి నోటా నేను వినలేదు. అందుకని యథాతథంగా రాస్తున్నాను.

పెట్టె ప్రస్తుతం కొట్టులోనే ఉంది, దుప్పటి కప్పి. నీ జవాబు వచ్చేదాకా దాన్నెవరూ ముట్టుకోరు. వస్తే మరీ మంచిది. అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పు.

నీ
చంద్రమౌళి

తా.క. సోమవారం మధ్యాహ్నం, ఆమదాలవలస.

బావా, పై ఉత్తరం నిన్న రాసి మడతపెట్టాను. పోస్టు చేయలేకపోయాను. తెరిచి చూసినవాటిలో రాయకుండా వదిలేసినది ఇప్పుడు రాస్తున్నాను.

గురువారం నాడు అన్నిటికంటే ముందు నేను విప్పింది పాత ప్లగ్గు. మీ అమ్మ పెట్టెని ఎలా ఉన్నదలా చుట్టించి అటకెక్కించింది, ఎవరూ దాన్ని తాకలేదు. లోపల ఆకుపచ్చ తీగ, భూమిలోకి పోయే ఎర్తు తీగ, కోసి ఉంది. కొసకి నల్ల టేపు మూడు చుట్లు. ఆ టేపు చుట్టింది నేను.

ఆ శివరాత్రి నాడు శ్రీముఖలింగంలో పందిట్లో టెస్టింగు చేస్తున్నాం. సాయంత్రం నాలుగయి ఉంటుంది. నువ్వు కొబ్బరికాయా కర్పూరమూ తేవడానికి వెళ్ళావు. స్పీకర్లో జుమ్మని ఒకటే రొద. రమేష్‌బాబు విసుక్కుని, "ఒరే మౌళీ, ఈ గోలలో నాకేటి వినపడతాది, ఏటన్నా సెయ్యి" అన్నాడు. ఎర్తు తీగ తీసేస్తే రొద పోతుందని నాకు తెలుసు. తీసేస్తే, పెట్టెలో కరెంటు కారినప్పుడు అది భూమిలోకి బదులు పట్టుకున్న మనిషిలోంచి పోతుందనీ తెలుసు. ముందురోజు బస్సు టాపు మీద పెట్టె వానకి తడిసిందనీ తెలుసు. ఒక్క పూటకే కదా అనుకుని కోసేశాను. రొద పోయింది. వాడు నన్ను చూసి నవ్వి, ఒక చేయి గిటారు మీద ఉంచి, రెండో చేత్తో మైకు పట్టుకున్నాడు.

నువ్వు కొబ్బరికాయతో వచ్చేసరికి నేను మెయిన్ ఆపేశాను.

ఎలా జరిగిందని ఇన్‌స్పెక్టరు అడిగితే, పాత ఫారిన్ పెట్టె సార్ అన్నాను. నేనన్నది ఆ నాలుగు ముక్కలే. మిగతాదంతా జనం అన్నారు. మీ అమ్మ నిన్ను వాకిట్లో నిలబెట్టి, "దాన్ని తెచ్చినోడు నా గుమ్మం తొక్కకూడదు" అన్నప్పుడు నేను నీ వెనకాలే ఉన్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. మొదటి వారం భయం. తర్వాత భయం కూడా లేదు, అలవాటైపోయింది. ఆ పెట్టెలో ఏ తప్పూ లేదు. నీలోనూ లేదు. క్షమించమని అడగడానికి మాట రావడం లేదు. అడిగానని రాసుకో.

ఈ పొద్దున వచ్చి ఇదంతా అనూరాధకి చెప్పాను. తిట్టలేదు. ఏడవలేదు. చాలాసేపు నా చేతులవైపు చూసింది. తర్వాత ఉత్తరం ఎక్కడుంది అని అడిగింది. కవరుంది గానీ నీ చిరునామా నా దగ్గర లేదన్నాను. కొట్టు బల్ల మీద పెన్ను తీసుకుని, ఏ పుస్తకమూ ఫోనూ చూడకుండా రాసింది. డోరు నంబరు, వీధి పేరు, పిన్‌కోడుతో సహా.

కవరు మీద నీ పేరు మీ చెల్లెలి చేతిరాత.