మాడిన ఎర్ర మాడ్యూల్, వెలుగుకత్తుల పంపకం

ముప్పైనాలుగేళ్లు భాషోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందిన నేను, డెబ్బైమూడేళ్ల వయసున, బుద్ధి స్థిమితంగాను, చేయి వణకకుండాను ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో వ్రాసుకున్న వీలునామా ఇది. ఇదివరకు వకీలు గుమాస్తా టైపు చేసిన వీలునామా రద్దు. అందులోని పదకొండు అక్షరదోషాలు కూడా రద్దు. దీనిని అమలు జరపవలసినవారు మా వీధి దర్జీగారు. కొలత తప్పితే ఒప్పుకొని కుట్టు విప్పే మనిషి నాకు ఆయన ఒక్కరే కనిపించారు.

1. ఇల్లు, సామాను నా ఏకైక కుమారునికి. నాన్న తప్పు చేయరన్న వాడి మూఢనమ్మకం మాత్రం ఈ పంపకంతో ముగియాలి. కారణం నాలుగవ అంశంలో ఉంది.

2. పుస్తకాలు పాఠశాలకు. పుటల మూలలు మడిచేవారి చేతికి ఇవ్వరాదు.

3. పాఠశాల నాటకాల కోసం నేను తయారుచేసిన వెలుగుకత్తులు తొమ్మిది. పిల్లలు వీటిని లైట్ సేబర్లంటారు. ఎనిమిది నాటక బృందానికి చెందుతాయి. ఒక్కొక్క పిడిలో కింద బ్యాటరీ, పైన వెలుగునిచ్చే ఎల్‌ఈడీ మాడ్యూల్ ఉంటాయి. రంగు మార్చదలచినవారు ముందు బ్యాటరీ తీసి, మాడ్యూల్ మర విప్పి, మరొకటి బిగించాలి. ఇంత సులువైన పని నా తమ్ముడికి, అనగా పిల్లలు జిగురు బాబాయి అని పిలిచే మహానుభావుడికి, అర్థం కాలేదు. మాడ్యూల్ వదులుగా ఉందని మర నిండా జిగురు పోసి, "ఇక జన్మలో ఊడదన్నయ్యా" అని ఇకిలించాడు. ఊడలేదు. విప్పడానికి చేసిన మర విప్పలేకపోవడం ఘనకార్యమనుకునేవాడిని చూస్తే నాకు రోత పుడుతుంది. ఆ తొమ్మిదవ కత్తి అతనికే ఇస్తున్నాను. అది బతికినన్నాళ్లూ ఆకుపచ్చగానే వెలుగుతుంది, చూసుకొని మురియుగాక.

4. పని బల్ల, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్, రెసిస్టర్ల డబ్బా, విడి మాడ్యూళ్లు నా కోడలికి. ఇది దానం కాదు. తొమ్మిది కత్తుల్లో ఏడింటి వైర్లు ఆమె చేతి పనే.

నాలుగేళ్ల క్రితం వార్షికోత్సవ నాటకం నడుమ నాయకుడి నీలం కత్తి ఎర్రగా మారవలసి ఉంది. తెర వెనుక మాడ్యూల్ మార్చినవాడిని నేను. ఎరుపుకు నీలందానికంటె తక్కువ వోల్టేజీ చాలు. కనుక నీలం తీసి ఎరుపు పెట్టేటప్పుడు మాత్రం, కరెంటును అదుపుచేసే రెసిస్టర్ కూడా మార్చాలి. కోడలు ఎరుపుకు తగినదానిని పొట్లం కట్టి, పైన వ్రాసి మరీ ఇచ్చింది. తెలుసులే అని జేబులో వేసుకొని మరచిపోయాను. కత్తి ఒక్కసారి మెరిసి, పొగ చిమ్మి ఆరిపోయింది. నిండు సభ నవ్వింది.

"మామయ్యగారూ, రెసిస్టర్ మార్చారా?" అని ఆమె మెల్లగానే అడిగింది. పదిమంది ముందు నేను, "నీ సోల్డరింగ్ ఊడింది. నాకు పాఠాలు చెప్పకు" అన్నాను. నా కుమారుడు, "నాన్న తప్పు చెయ్యరు, నువ్వు ఊరుకో" అన్నాడు. మరునాడు ఆమె సోల్డరింగ్ ఐరన్ తీగ చక్కగా చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లినది, మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఇప్పుడు ఒక మొబైల్ రిపేరు దుకాణంలో పగిలిన అద్దాలు మారుస్తోంది.

ఆ నాటకం రాత్రే చొక్కా విప్పుతుంటే పొట్లం దొరికింది. మాడిన మాడ్యూల్ పరీక్షించాను. ఆమె సోల్డరింగ్ చెక్కుచెదరలేదు. వేలమంది పిల్లల తప్పుల కింద ఎర్రసిరా గీతలు గీసిన చేయి, తన తప్పు కింద నాలుగేళ్లుగా ఒక్క గీత గీయలేదు. అటువంటి చేతితో అన్నం తింటున్నందుకు నాకే రోతగా ఉంది.

ఈ బల్ల ఆమె వద్దంటే, అదేమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

5. నాలుగవ అంశాన్ని నా మరణానంతరం దర్జీగారు పైకి చదవాలి. అప్పుడు నా కుమారుడు, తమ్ముడు, కోడలు ఎదుట కూర్చుని ఉండాలి.

దిద్దుబాటు: ఐదవ అంశం వ్రాశాక ప్రాణం తెరిపిన పడింది. ఆ చదువు జరిగేనాటికి నేను ఉండనన్న తెరిపి అది. అది పిరికితనమని గ్రహించగానే, ఆ రోత ముందు అంతకు ముందరి రోతలన్నీ చిన్నవైపోయాయి. అందుచేత "నా మరణానంతరం దర్జీగారు" అన్న మాటలు కొట్టివేసి, "రేపు ఉదయం నేనే" అని సాక్షుల ఎదుట దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశాను.

తేదీ: 14 మార్చి 2024, గురువారం.

(సంతకం)
విశ్రాంత భాషోపాధ్యాయుడు

సాక్షులు:
1. మందుల దుకాణం యజమాని
2. విశ్రాంత డ్రాయింగు మాస్టారు