నా మూడువందల ఎనభై ఎనిమిది

జేజు దీవి,
అక్టోబరు 14.

అమ్మాయి మీరాన్‌కు,

మీ అమ్మ బు మల్‌సూక్ చెబుతుంటే పక్కింటి యాంగ్ టీచరమ్మ రాస్తున్న ఉత్తరం. బూసాన్‌లో మీరిద్దరూ కులాసా అనుకుంటాను. అల్లుడి నూడుల్స్ కొట్టు సంగతి నువ్వెప్పుడూ చెప్పవు. నన్ను సముద్రం ఇంకా మింగలేదు. మొన్నటి తుఫానుకు మాత్రం ఇంటికప్పు సగం ఎగిరిపోయింది.

బాగుచేయించడానికి అప్పు కోసం బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో కళ్లద్దాలావిడ, ముందు మీ క్రెడిట్ స్కోరు చూసుకోండి అవ్వా, మీ ఫోన్‌లోనే ఉచితంగా కనబడుతుంది అంది. అరవై ఏళ్లుగా ఊపిరి బిగబట్టి సముద్రంలో నత్తలు ఏరుతున్నదాన్ని, నాకు మార్కులు వేసేదెవడే అన్నాను. ఆవిడ నవ్వి నా పేరు, పుట్టిన తేదీ కొట్టింది. ఫోన్‌కు ఆరంకెలు వచ్చాయి. అక్షరం రాకపోయినా అంకెలొచ్చు కదా, నేనే ఒక్కొక్కటీ నొక్కాను. వెయ్యికి మూడువందల ఎనభై ఎనిమిది!

బల్ల గుద్దాను. గుప్పెడు కొర్రలు కూడా ఎవరి దగ్గరా అరువు తేలేదన్నాను. మరి ఏప్రిల్లో మీ పేరున తీసుకున్న రెండు అప్పుల మాటేమిటి, మీ గుర్తింపు కార్డు ఫొటో పెట్టి ఫోన్‌లోనే తీసుకున్నారు, మూడు నెలలుగా వాయిదాలు కట్టలేదు అని చదివింది. నేను కాదు మొర్రో అంటే, అయితే పోలీసులకు చెప్పండి, మీ కార్డు ఎవరు వాడారో పేరు రాయించి ముద్ర వేయండి, నిజం తేలితే అవి మీ పేరు మీంచి పోతాయి, లేకపోతే మీకెవరూ ఒక్క వోను కూడా అప్పివ్వరు అంది.

ఆరు నిలువుల లోతులో బెదరనిదాన్ని, ఆ ఫోన్ గాజుపలక ముందు బెదిరాను. సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర సంచిలో వేసుకుని పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాను. మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను.

ఇంతకు మించి చెప్పడానికి నోరు రావడం లేదు.

మీ అమ్మ
మల్‌సూక్ (ముద్ర)

తా.క.: కలం మూయబోతున్న టీచరమ్మను ఆపాను. ఆ అప్పుల తేదీ మీ నాన్న తద్దినం మర్నాడు. ఆ తద్దినానికి వచ్చినప్పుడు, కొత్త ఫోన్ నా పేరున తీయిస్తానని నా గుర్తింపు కార్డు పట్టుకెళ్లింది నువ్వే. లోపలికెళ్లి పోలీసులకు నీ పేరు చెప్పడానికి మనసొప్పలేదు. బ్యాంకుకు తిరిగొచ్చి, అప్పులు నావే, మరిచిపోయానని ముద్ర వేసేశాను. ఊపిరి చాలనంత లోతుకు ఎందుకు దిగావే పిచ్చిదానా, నన్ను కేకెయ్యలేకపోయావా? కప్పుకు టార్పాలిన్ కట్టాను, అయినా కారుతోంది. పడుకోవడానికి పొడిచోటు ఒక్కటే మిగిలింది. అది నీకు ఉంచాను, రా.