మూల సమాధిలో కాపురం

అక్కా,

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నేను కాపలా కాసే ఈ పాత శ్మశానాన్ని చదును చేసి, కార్లు పెట్టుకోవడానికి ఇస్తారట. నెలాఖరుకి యంత్రం వస్తుందట! నువ్వు టైపు చేసేది ఈ పని చూసే ఇంజనీరుగారి దగ్గరే కదా, ఒక్క మాట చెప్పవా? గడియారాల మేస్త్రీ సమాధి మీద చెక్కిన రాతి గడియారం, ఊళ్లో ఇంకెక్కడా మిగలని చెట్లు ఒక ఎత్తు. మూల సమాధిలో కాపురం ఒక ఎత్తు. నలుగురు పసివాళ్లు! తల్లి రాత్రంతా తిరిగి తెల్లారేసరికి వస్తుంది. వాళ్లని వదిలి నేనుండలేను.

గేటుకి అతుక్కుపోయిన
నీ తమ్ముడు

తా.క.: ఏం కళ్లక్కా అవి! చూపు తిప్పుకోలేం.

ఒరేయ్,

ఆ కళ్లే నీ కొంప ముంచాయన్నమాట! రాత్రంతా తిరిగే మనిషే దొరికిందా నీకు? నా మరదలికి తెలుసా?

తల పట్టుకున్న
నీ అక్క

తా.క.: పిల్లలకి మన నాన్న ముక్కు వచ్చిందా?

అక్కా,

తెలియకపోవడమేమిటి? ముందు చూసింది మా ఆవిడే. ముచ్చటపడి రోజూ తొంగిచూసి పోతోంది. ముక్కులంటావా, అందరివీ వంకరే, అచ్చం నాన్నవే! ఇంతకీ చెప్పావా లేదా? ఇక్కడ నా ప్రాణం పోతోంది.

తిండి సహించని
నీ తమ్ముడు

తా.క.: నిన్న దగ్గరికెళ్తే నా నెత్తి గీరేసింది. తప్పు నాదేలే.

సిగ్గులేనివాడా,

చెప్పాను. ‘మా తమ్ముడు శ్మశానంలో రెండో కాపురం పెట్టాడండీ’ అని ఏడ్చేశాను. ‘పసిపిల్లలున్న చోటికి యంత్రమా! నా ఉద్యోగం ఊడుతుంది’ అంటూ ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. రేపు ఇద్దరం వస్తున్నాం. ఆ మహాతల్లిని ఎక్కడికీ పోవద్దను.

నిద్ర కరువైన
నీ అక్క

తా.క.: పిల్లలకి గౌన్లు కుట్టాను. ఎంతైనా మన రక్తం.

తమ్ముడూ,

గుడ్లగూబలని మొదటే ఏడవొచ్చు కదరా! ఇంజనీరుగారి ఎదుట ఆ సమాధి కన్నంలోకి గౌను చాచి ‘రామ్మా తల్లీ’ అన్నానే, నా పరువేం కావాలి? ఆఫీసుకొచ్చాక ఆయన అసలు సంగతి చెప్పాడు. పసిపిల్లలున్నారు, పని ఆపండి అని పైవాళ్లకి ముందురోజే రాసేశాడట! ఇప్పుడు గుడ్లగూబలంటే నవ్వులపాలయ్యేది ఆయనే. అందుకని నా చేతే ఇంకో కాగితం టైపు చేయించాడు: ‘ఇచ్చట ఒక కుటుంబం తరతరాలుగా నివసించుచున్నది. రాళ్లను, చెట్లను, స్థలమును ఎవరూ ముట్టరాదు.’ పైనుంచి సంతకం కూడా పడింది. ఇక కడుపునిండా తిను.

నలుగురికి మేనత్తనైన
నీ అక్క

తా.క.: ఆ కుటుంబం ఇంటిపేరేమిటని పైనుంచి అడిగారు. మనదే వేశాను.