గుమ్మం పక్క కొయ్యబొమ్మ

తమ్ముడూ,

ఇంటి వెనక గదిలో పసిఫిక్ దీవుల తరహాలో నువ్వు కట్టుకున్న టికీ బార్ బాగుంది. వెదురు కౌంటరూ, తాటాకు కప్పూ, గ్లాసుల్లో కాగితం గొడుగులూ, అన్నీ నువ్వెక్కడో చూసి మనసుపడ్డ బార్‌లో ఉన్నట్టే ఉన్నాయని నీ స్నేహితులు మెచ్చుకున్నారు. రమ్ములో అనాసరసం కలిపి నాకూ ఇచ్చావు. తాగాను.

"టికీ బార్ అంటే గుమ్మం పక్కన గుడ్లురిమే కొయ్యబొమ్మ ఉండాలన్నయ్యా. వడ్రంగివి నువ్వుండగా బజార్లో కొంటానా?" అన్నావు. కేటలాగులోంచి అలాంటి బొమ్మ ఫోటో ఇచ్చావు గానీ, ఉలి పట్టుకున్నాక నా చేతికి తెలిసిన కోపపు ముఖం ఒక్కటే వచ్చింది. నాన్నది. కనుబొమ మీద గాటుతో సహా అలాగే దిగింది. ఆయన భుజాల మీద పెరిగినవాడివి, చూడగానే పోల్చుకుంటావనుకున్నాను.

నువ్వు దాని నోట్లో సిగరెట్ ఆర్పి, "మా వాచ్‌మన్‌కి ఓ దమ్ము" అన్నావు. అందరూ పడీపడీ నవ్వారు.

"ఈ మొహం ఎక్కడో చూశానండీ" అంది మరదలు.

"కేటలాగులో చూసుంటావ్‌లే" అన్నావు.

ఆ బొమ్మ నాకు తిరిగి పంపించు. బదులు ఇంకొకటి చెక్కి ఇస్తాను. ఈసారి నా ముఖం చెక్కుతాను. సిగరెట్లు నిశ్చింతగా ఆర్పుకో. అది ఎవరిదో నీకు ఎలాగూ తెలియదు.

అన్నయ్య