చర్చిలో చదవని పేరు

శనివారం, క్లాంగ్, మలేషియా

పరాయి దేశంలో పనికి వెళ్లిన రోజు పొద్దున తమ్ముడు శామ్యూల్ కాఫీలో బిస్కెట్ ముంచుకుంటూ, పరాయి రాజుకు మిరియాలు కొనిపెట్టిన పాతకాలపు జర్మన్ వర్తకుడి కథ చెప్పాడు.

“ఆఖరికి ఆడేటైపోనాడు?” అన్నాను.

“జైల్లో సచ్చినాడక్కా. నాకేటవదు లా, మా రాజు మంచోడు,” అని ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలించి నవ్వాడు.

శామ్యూలూ పరాయి దేశపు రాజభవనానికి సరుకు కొనేవాడే. ఆ సరుకులో కల్తీ ఉందని ఇప్పుడు వాణ్ణి జైల్లో పెట్టారు. బయట మాట పొక్కితే ఇక విడవరని వకీలు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

మా చర్చిలో కష్టంలో ఉన్నవాళ్ల పేర్లు ఆదివారం పైకి చదివి ప్రార్థిస్తాం. చదివేది నేనే.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. రేపు శామ్యూల్ పేరు చదవకూడదని తేల్చారు. నేనూ సరేనన్నాను.