తొక్కు... పట్టు... వదులు

చల్లపల్లి,
9-10-1974, బుధవారం.

నాన్నగారికి, అమ్మకు,

ఈ ఉత్తరం ఇవాళ రాయకపోతే ఇక రాసి ప్రయోజనం లేదు. ఇరవయ్యో తేదీ ఆదివారం పూజ అయ్యాక గుడి పెద్దలు కూర్చుని, ఆసుపత్రికి డాక్టరమ్మ వదిలివెళ్లిన కారు అమ్మేస్తారట. దాని బ్రేకులు ఇక బాగుపడవని పాత డ్రైవరుగా మీరు సంతకం పెట్టిన కాగితం గుడి పెద్ద అబ్రహాముగారి జేబులో ఉంది. అవి బాగుపడ్డాయి నాన్నా. ఆ మాట చెప్పడానికే రాస్తున్నాను.

దేవుని దయవల్ల నేను కులాసాగానే ఉన్నాను. జ్వరాల కాలం కదా, నర్సులం ఆసుపత్రి వరండాలో కూడా మంచాలు వేశాం. అన్నం సరిగా దొరుకుతోందా అని అడిగారు. దొరుకుతోంది, కాకపోతే ఇక్కడ వండిపెట్టే మణెమ్మ చేతి పులుసులో అమ్మ పులుసు రుచి లేదు. మోకాళ్ల తైలం అమ్మ రాసుకుంటోందో, పెట్టెలో దాచుకుంటోందో తెలియజేయండి.

జక్కయ్య బాబాయీ, ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి మధ్యలో నీకొక మాట. పోయినసారి నేను రాసినదాంట్లో నీకు నచ్చని ముక్కలు దాటేశావు. నేను జవాబు చెప్పిన సంగతులనే నాన్న మళ్లీ అడిగించారు, అందుకని తెలిసింది. ఊరికి ఉపదేశివి, నీకు నేను నేర్పకూడదు. కానీ ఈసారి కళ్లజోడు తుడుచుకుని అక్షరం వదలకుండా చదువు.

నాన్నా, అంతోని ఎవరని అడిగారు. మీ దగ్గర చక్రాలు విప్పడం నేర్చుకున్న ఇశ్రాయేలుగారి రెండో కొడుకు. పటమటలో షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అమ్మను బెంగపడవద్దని చెప్పండి.

“ఆడపిల్లకి బ్రేకుల గొడవెందుకు? మద్రాసులో తయారయ్యే హెరాల్డు కారుకి ఉన్నట్టు ఈ ఇంగ్లండు కారుకీ ముందు చక్రాలకి డ్రమ్ములేయించి వదిలెయ్యి” అని రాయించారు. మొదట అంతోనీ అదే అన్నాడు.

“సిస్టరుగారూ, ఈ ఇంగ్లండు డిస్కుల జోలికి పోమాకండి. సామాను దొరికి చావదు. డ్రమ్ములైతే ఏ ఊళ్లోనైనా బాగుచేస్తారు.”

“మా రోడ్డు మీద కాలవ పొంగుద్ది. ఆ నీళ్లు దాటాక డ్రమ్ములు పడతాయా?”

“కాసేపు పట్టవండి. తొక్కుకుంటా పోతే ఆరతాయి.”

“ఆరేలోపు గేదె అడ్డమొస్తే?”

“హారను కొట్టాలి.”

“గేదెకా?”

అంతోని నవ్వేసి చక్రం విప్పాడు.

డ్రమ్ము మూసిన డబ్బా లాంటిది, అందులోకి పోయిన నీళ్లు లోపలే ఉండి చక్రాన్ని పట్టే బ్రేకు షూలను నానబెడతాయి. డిస్కు పళ్లెంలా బయట తిరుగుతూ నీళ్లను విసిరేస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. “ఈ పళ్లెం బ్రేకు తడిసినా తెలివి తప్పదే అమ్మాయ్” అని చిన్నప్పుడు మీరన్న మాటే. అన్నవాళ్లు మీరు మర్చిపోతే నేనేం చేయను?

డిస్కుల మీద పడిన గీతలు లేతు మిషను మీద సన్నగా చెక్కించాం. ఇంకోసారి చెక్కడానికి మందం లేదు. డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపే పాత ప్యాడ్ల ఇనప రేకులకే కొత్త సరుకు అంటిస్తారు. అందులో రెండు రకాలు చూపించాడు. గట్టిది ఎక్కువకాలం వస్తుంది, కానీ డిస్కును తినేస్తుంది, కాలితో బలంగా తొక్కాలి. మెత్తది తొందరగా అరుగుతుంది, చక్రమంతా నల్లటి పొడి. అందరూ గట్టిదే వేయించుకుంటారన్నాడు. నేను మెత్తది వేయించాను. అరిగితే ప్యాడే అరగాలి, అది పటమటలో మళ్లీ అంటించుకోవచ్చు. డిస్కు అరిగితే ఇంగ్లండు దాకా పోవాలి. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

చివర బ్రేకు నూనె పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు మీరు గుర్తొచ్చారు. మీరు చక్రం దగ్గర పడుకుని “తొక్కు... పట్టు... వదులు” అంటుంటే, కాళ్లందక సీటు అంచుకు జారి పెడలు తొక్కేదాన్ని. ఈసారి అంతోని పెడలు తొక్కాడు. కింద పడుకుని అరిచింది నేను. షెడ్డులోవాళ్లంతా వచ్చి నిలబడి చూశారు. చూడనివ్వండి.

ఇక ఇంతవరకూ మీ దగ్గర దాచింది చెబుతాను. బాబాయీ, ఇక్కడే ఆగకూడదు.

కారు నేనే నడుపుతున్నాను. డాక్టరమ్మ వెళ్లేముందు నేర్పింది. బందరులో లైసెన్సు తీసుకున్నాను. మీరు కళ్లు మసకబారి మానేశాక వచ్చిన డ్రైవరు లారీ మీదికి వెళ్లిపోయాడు. పోయిన నెల వానల్లో, బ్రేకులు బాగయిన కొత్తలోనే, రామకోటేశ్వరరావుగారి కోడలు సుబ్బరత్నానికి కాన్పు కష్టమై బందరు తీసుకెళ్లాల్సి వచ్చింది. అత్తగారు సీతారావమ్మగారు వెనక సీట్లో కోడలి తల ఒళ్లో పెట్టుకుని అడిగారు.

“డ్రైవరేడమ్మా?”

“నేనేనండీ.”

“ఓరి నాయనో! ఆపు, దిగిపోతాం!”

“దిగితే మోకాళ్లలోతు నీళ్లండీ. మీ కోడల్ని పట్టుకు కూర్చోండి.”

నీళ్లు దాటి గట్టెక్కిన మలుపులోనే గేదెల మంద. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను. మీరు వెనక నుంచి “తొక్కు” అన్నట్టే అనిపించింది. తొక్కాను. మొదటి తొక్కుకే ఆగింది నాన్నా. గేదె బానెట్టు వాసన చూసి వెళ్లిపోయింది. సుబ్బరత్నానికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

సీతారావమ్మగారు ఈ సంగతి సంబరంగా ఊరంతా చెప్పారు. అప్పటినుంచే పెద్దలకు కారు మీద కోపం. అబ్రహాముగారు చెడ్డవారు కాదు. కానీ “ఆడపిల్ల స్టీరింగు పట్టుకుంటే గుడి పరువేం కాను?” అని నా మొహం మీదే అన్నారు. ఆ మాట కాగితం మీద రాయలేక బ్రేకుల పేరు పెట్టారు. ఆ కాగితం మీకు చదివి వినిపించారా? మన ఇంట్లో అక్షరం నేర్చిన మొదటిదాన్ని నేను. బాలశౌరి అనే ఆ నాలుగక్షరాలు పలక మీద మీకు దిద్దించిందీ నేనే. వాటితో నా కారు ఆపుతారా? నేను ఊరుకోను.

మీరు భయపడి సంతకం చేశారు, నాకు తెలుసు. అందుకే రమ్మంటున్నాను. పందొమ్మిదో తేదీ శనివారానికి రండి. నా పక్కన కూర్చోండి. కళ్లతో పనిలేదు. ఆ నీళ్లు దాటాక మీరు ఎక్కడ “తొక్కు” అంటే అక్కడ తొక్కుతాను. కారు ఆగకపోతే తాళాలు నేనే తీసుకెళ్లి అబ్రహాముగారి చేతిలో పెడతాను. ఆగితే ఆదివారం అందరి ముందూ నిలబడి ఆ మాట మీ నోటితో చెప్పాలి. చూడకుండా పెట్టిన సంతకానికి మాత్రం తాళాలివ్వను, అది మా నాన్నదైనా సరే.

ఏ బస్సుకు వస్తున్నారో పదిహేడో తేదీ గురువారం లోపు నాకు అందేలా రాయించండి. బస్టాండుకు కారు తెస్తాను.

ఇట్లు,
మీ పెడలు తొక్కిన పెద్దకూతురు,
సంపూర్ణ.