ఎనిమిదో స్విచ్చి

అల్లుడు గారికి,

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరు సామాన్ల గదిలో పెట్టి వెళ్లిన పెట్టె కూడా కులాసాగానే ఉన్నట్టుంది, ఇంతవరకు పొగ రాలేదు.

మీరూ మా అమ్మాయీ బస్సెక్కిన దగ్గర్నుంచి ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ వాటంతట అవే వెలుగుతున్నాయి, ఆగుతున్నాయి. పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా నీళ్ల మోటారు తనంతట తానే మొదలై ట్యాంకు నింపింది. సాయంత్రం వరండా లైటు వెలిగింది. బాగానే ఉంది. కానీ ఈ పనులన్నీ ఇన్నేళ్లూ మీ అత్తయ్య చేస్తూనే ఉంది కదా. దానికోసం ఒక పాత కంప్యూటరు, అన్నేసి తీగలు, మీరు సెలవంతా నేల మీద బోర్లా పడుకుని తీగలు అతికే ఏదో వేడి కడ్డీతో వేళ్లు కాల్చుకోవడం, ఇదంతా ఎందుకో నాకు బోధపడలేదు.

ఇక మీరు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అడిగిన మాట. గుమాస్తా ఉద్యోగం మానేసి, మా వీధి గదిలో కొట్టు పెట్టి, ఇలాంటి పెట్టెలు చేసి అమ్ముతానన్నారు. నేను మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేసినవాణ్ణి. కొత్త యంత్రం వస్తే వానాకాలమంతా నడిపి చూడందే ఏనాడూ సంతకం పెట్టలేదు. మీకూ అదే పద్ధతి. వానలు వెలిసేదాకా పెట్టె పేచీ పెట్టకుండా పనిచేస్తే వీధి గది తాళంచెవి మీది. లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. మీ అత్తయ్య ఇది విని, అమ్మాయి వచ్చేసినట్టేనని ఆ గది కిటికీకి తెర కుట్టడం మొదలుపెట్టింది. నేను ఇంకా ఏమీ ఒప్పుకోలేదని గుర్తుంచుకోండి.

అత్తయ్య ఆశీస్సులు రాయమంది, రాశాను.

ఇంకా మెచ్చని,
మీ మామయ్య

తా.క. పెట్టెను దగ్గర్నుంచి చూద్దామంటే ఆ గది గుమ్మం పొట్టిది, వంగి వెళ్లాలి. మిల్లు మేనేజరుకే వంగలేదు నేను, మీ పెట్టెకు వంగుతానా. బయట నిలబడే చూస్తున్నాను.

* * *

మామయ్య గారికి నమస్కారాలు.

గది ఇవ్వను అనకుండా, చూస్తాను అన్నారు. అదే నాకు చాలు.

పెట్టె గురించి దాచకుండా చెబుతాను. అది తెలివైనది కాదు. దానికి తెలిసిందల్లా గడియారం ఒక్కటే. కంప్యూటరుకు ప్రింటరు తగిలించే చోట నేను ఏడు తీగలు తగిలించాను. ఏ టైముకు ఏది వేయాలో, ఏది ఆపాలో పట్టీ రాసిచ్చాను. టైము కాగానే తీగ వెంట కబురు వెళ్తుంది, చిన్న పెట్టెలో క్లిక్కుమంటుంది, లైటు వెలుగుతుంది. అంతకు మించి దానికి లోకజ్ఞానం లేదు.

వానాకాలం కాబట్టి ఒక జాగ్రత్త. కరెంటు ఎగుడుదిగుడైతే కంప్యూటరు లోపలి ఫ్యూజు పోవచ్చు. ఇంకో ఫ్యూజు మూత లోపలివైపు టేపుతో అంటించి ఉంచాను. నేను బిగిస్తున్నంతసేపూ అత్తయ్య గారు మరలు అందిస్తూ పక్కనే కూర్చున్నారు, ఆవిడకు తెలుసు.

వానలు ఎప్పుడు వెలుస్తాయా అని చూస్తున్న,
మీ అల్లుడు

తా.క. చిన్న పెట్టె వెనకవైపు ఎనిమిది చిన్న స్విచ్చిలున్నాయి. కంప్యూటరుతో పనిలేకుండా ఒక్కొక్కటీ సరిచూసుకోవడానికి పెట్టుకున్నవి, వాటి జోలికి వెళ్లకండి. ఎనిమిదోదాన్ని నొక్కినా నష్టం లేదు. దానికి ఏమీ కలపలేదు. ఏడు పెడితే బోసిగా ఉందనిపించి ఇంకోటి పెట్టాను.

* * *

చిరంజీవి అల్లుడికి,

నాయనా, నువ్వు ఇంతటివాడివని నేననుకోలేదు. మిల్లులో విదేశాల నుంచి వచ్చిన యంత్రాలు చూశాను. ఇలాంటిది మాత్రం చూడలేదు.

నిన్న పక్కింటి బీమా ఏజెంటు వచ్చాడు. అతను సోఫాలో కూర్చున్నాడంటే సోఫాకు కూడా విసుగొస్తుంది. కబుర్లన్నీ చెప్పి, సరిగ్గా బ్యాగులోంచి కాగితాలు తీయబోతుండగా హాల్లో లైటు ఆరిపోయింది. చెప్పులు తడుముకుంటూ వెళ్లిపోయాడు. అతను గేటు దాటగానే మళ్లీ వెలిగింది. బీమా ఏజెంటని దానికి ఎలా తెలిసింది?

అంతకన్నా వింత ఇంకోటి. భోజనం చేస్తూ, కూరలో ఉప్పేదని లోపలెక్కడో ఉన్న మీ అత్తయ్య మీద కేకేశాను. మగ్గాల మోతలో వినబడాలని పెంచుకున్న గొంతు కదా, మామూలుగా అడిగినా కేకలాగే ఉంటుంది. ఫ్యాను ఆగిపోయింది. నోరు మూశాను. తిరిగింది. సరిచూద్దామని మళ్లీ కేకేశాను. మళ్లీ ఆగింది. ఇది గడియారం పనేనా? నాకు చెవిలో పువ్వులు పెట్టకు.

నీకు మామనైనందుకు కాస్త గర్వపడుతున్న,
మామయ్య

తా.క. నేను కేకేస్తేనే ఆగుతోంది. మీ అత్తయ్య నన్ను అంటున్నప్పుడు మాత్రం నిక్షేపంలా తిరుగుతోంది. ఈ పక్షపాతం కాస్త సరిచేయగలవా?

* * *

మామయ్య గారికి,

పెళ్లయ్యాక మీరు నన్ను మెచ్చుకున్న మొదటి ఉత్తరం ఇది. మీ అమ్మాయి దాన్ని అద్దం పక్కన అంటించింది. నేను మాత్రం సంతోషం సగం, భయం సగంగా ఉన్నాను.

మామయ్య గారూ, దానికి చెవుల్లేవు. ఉప్పు సంగతి దానికి తెలియదు. బీమా సంగతి అసలే తెలియదు. లైటు ఆరాల్సిన టైము కాని టైములో ఆరిందంటే లోపల ఎక్కడో చెమ్మ చేరి ఉండాలి, లేదా నేను అతికిన తీగ ఊడి ఉండాలి. చీమలు పట్టినా ఇలాగే జరగొచ్చు. ఆఫీసులో ఫైళ్ల మీద సంఖ్యలు వేస్తూ కూడా ఏ తీగ అయ్యుంటుందా అని అదే ఆలోచన. మొన్న మా ఆఫీసరు గారి సెలవుచీటీ వెనక మీ ఇంటి వైరింగ్ గీసేశాను.

దయచేసి కంప్యూటరు తెర మీద ఏం కనిపిస్తోందో చూసి రాయండి. పచ్చ అక్షరాల్లో నా పట్టీ కనబడాలి.

కంగారులో ఉన్న,
మీ అల్లుడు

తా.క. ఉప్పు తక్కువైతే మెల్లగా అడిగి చూడండి. ఇది యంత్రానికి సంబంధించిన సలహా కాదు. మీ అమ్మాయి రాయమంది.

* * *

చిరంజీవి అల్లుడికి,

నీ వినయానికి ముచ్చటేసింది. మిల్లులో మంచి ఫిట్టర్లు ఉండేవాళ్లు. ఏం చేశావయ్యా అని అడిగితే, ఏం లేదండీ, కాస్త నూనె వేశాను అనేవాళ్లు. నువ్వూ ఆ జాతివాడివే.

తెర చూశాను. నల్లగా ఉంది. ఏదో ఆలోచనలో ఉందనుకుని కదిలించలేదు.

ఇక్కడి విశేషాలు. రేడియో ఇప్పుడు నేను వీధి చివరిదాకా నడిచొస్తే గానీ పాడటం లేదు. నేను దాంతోపాటు పాడితే ఠక్కున ఆగుతోంది. పగలు కునుకు తీస్తే మాత్రం మెల్లగా ఫ్యాను పెడుతోంది, కన్నతల్లి కూడా అంత చూడదు. ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. వీధిలోనూ అదే వచ్చేస్తోంది. మూల మీది కిరాణా కొట్టువాడు, గొంతు నొప్పా సార్ అని మిరియాలు కొనుక్కోమన్నాడు.

వీధిలోవాళ్లంతా తమకూ ఇలాంటి పెట్టె కావాలంటున్నారు. వచ్చే ఆదివారం అందర్నీ పిలిచాను, దాని తెలివి కళ్లారా చూపిస్తాను. వీధి గదిలోంచి పాత పేపర్లు తీయించేశాను. వానలు వెలిసేదాకా ఆగడం దేనికి? ఆదివారం అందరి ముందూ తాళంచెవిని నీ పేరు చెప్పి మేకుకు తగిలిస్తాను.

ఛాతీ విరుచుకు తిరుగుతున్న,
మామయ్య

తా.క. మీ అత్తయ్య ఈమధ్య సామాన్ల గదిలోంచి బయటికి రావడం లేదు. డబ్బాలు సర్దుతున్నానంటోంది. మనింట్లో ఇన్ని డబ్బాలున్నాయని నాకు తెలియదు.

* * *

మామయ్య గారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఉంటే నాకు గది దొరుకుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను.

తెర నల్లగా ఉందంటే కంప్యూటరు ఆలోచించడం లేదు. చచ్చిపోయింది. అది చచ్చిపోయాక మీ ఇంట్లో జరుగుతున్నది ఏదైనా సరే, ఎంత గొప్పదైనా సరే, నా పని కాదు. అది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. నేను చేసిన పెట్టె బీమా ఏజెంటు వచ్చి కూర్చున్నా టైము ప్రకారం లైటు వేసే ఉంచుతుంది. అంతే దాని సత్తా.

మీరు మెచ్చుకుంటుంటే ఎంత బాగుందో చెప్పలేను. ఆ కొట్టు కోసం నేను ఎన్నాళ్లుగా ఆశపడుతున్నానో మీ అమ్మాయిని అడగండి. కానీ నాది కాని మెప్పుతో ఆ తాళం తీయలేను. ఆదివారం నా పేరు చెప్పకండి. సెలవు దొరకగానే వచ్చి, పెట్టెను విప్పి, తప్పెక్కడుందో మీ ముందే చూస్తాను. అప్పుడు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి.

మన్నించమని కోరుతూ,
మీ అల్లుడు

తా.క. డబ్బాల సంగతి చదివి మీ అమ్మాయి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఎందుకే అంటే చెప్పదు.

* * *

అల్లుడు గారికి,

మీ ఉత్తరాన్ని సామాన్ల గది గుమ్మంలో నిలబడి పైకే చదివాను. పెట్టెకు కూడా తెలియాలి కదా, కన్నవాడు తనను ఏమన్నాడో. అదే నేను చేసిన తప్పు. మనసు కష్టపెట్టుకుంది.

మర్నాడు చూస్తే తెర మీద పచ్చ అక్షరాలు. మీ పట్టీ. ఆ పూట నుంచి దాని తెలివంతా ఎటుపోయిందో తెలియదు. టైముకు వేస్తోంది, టైముకు ఆపుతోంది. అచ్చం గుమాస్తా.

ఆదివారం హాలు నిండా జనం. మీరు వద్దన్నారని మీ పేరు ఎత్తలేదు, పెట్టె సంగతే చెప్పాను. చూడండి, నేను కేకేస్తే ఫ్యాను ఆగుతుంది అని, ఉప్పేదీ అని గొంతు చించుకున్నాను. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఇంకోసారి అరిచాను. ఎదురింటావిడ జాలిపడి ఉప్పు తెచ్చిచ్చింది. రేడియోతోపాటు పాడాను, ఆపలేదు. మొత్తం పాట పాడాల్సి వచ్చింది. నా పరువు గంగలో కలిసింది.

తెలివి ఉన్నన్నాళ్లూ నాది కాదన్నారు. ఈ గుమాస్తాగిరీ మాత్రం మీదన్నమాట. తాళంచెవి తిరిగి నా జేబులోకి వచ్చింది.

సెలవు,
మీ మామగారు

తా.క. లైటు ఆరలేదు కాబట్టి బీమా ఏజెంటు భోజనాల వేళదాకా కూర్చుని ముగ్గురికి పాలసీలు అంటగట్టాడు. అందులో ఒకటి నాది.

* * *

బాబూ,

ఇన్నాళ్లూ నా ఆశీస్సులు కూడా మీ మామయ్యే రాసేసేవారు. ఈసారి నేనే రాస్తున్నాను.

మీరు వెళ్లిన వారానికే, పెద్దవాన కురిసిన సాయంత్రం, నీ కంప్యూటరులోకి బల్లి దూరింది. టప్పుమంది, తెర ఆరిపోయింది. అప్పుడే వరండా లైటు వెలగాల్సిన టైము. బయట కుర్చీలో మీ మామయ్య గడియారం చూసుకుంటూ, నేను ముందే చెప్పలేదూ అనడానికి గొంతు సవరించుకుంటున్నారు. నాకు వెనక స్విచ్చిలు గుర్తొచ్చాయి. నొక్కాను. లైటు వెలిగింది. ఆయన మాట గొంతులోనే ఉండిపోయింది.

నీకు రాద్దామంటే ఉత్తరం పోస్టులో వేసేది ఆయనే. అమ్మాయి వస్తుందని వీధి గదికి తెర సగం కుట్టేశాను. అందుకని నీ పట్టీ ప్రకారం నేనే నొక్కుతూ వచ్చాను. తర్వాత బీమా ఆయన వచ్చాడు. చెయ్యి ఊరుకోలేదు. ఆ తర్వాత ఉప్పు. మెల్లగా మాట్లాడండి అని ఇన్నేళ్లుగా నోటితో చెప్పాను, వినలేదు. పెట్టె చెబితే విన్నారు. నిజం చెప్పాలంటే నాకు అంత సరదా ఎప్పుడూ లేదు.

కానీ ఆయన గుమ్మంలో నిలబడి నీ ఉత్తరం చదువుతుంటే లోపల డబ్బాల మధ్య కూర్చుని విన్నాను. నాది కాని మెప్పు వద్దన్నావు. ఎంత మంచివాడికి పిల్లనిచ్చామా అని కళ్లు తుడుచుకున్నాను. మర్నాడే మూత తీసి, బల్లిని దులిపి, నువ్వు అంటించి ఉంచిన ఫ్యూజు వేశాను. పచ్చ అక్షరాలొచ్చాయి. అప్పుడు తెలిసింది నీ పెట్టె గొప్పతనం. నేను నొక్కినన్నాళ్లూ రోజూ ఏదో ఒకటి మరిచిపోయేదాన్ని, పాలు పొంగించేదాన్ని. అది ఒక్కసారి తప్పలేదు. ఎవరూ మెచ్చుకోకపోయినా తప్పలేదు.

నిన్నటితో వానలు వెలిశాయి. పొద్దున మీ మామయ్య ఫ్యాను కింద పేపరు చదువుతుంటే ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాను. మిల్లుదాకా వినబడేలా అరుస్తారనుకున్నాను. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"లైటు కూడా నువ్వేనా?" అన్నారు.

"నేనే."

"నేను పడుకున్నప్పుడు ఫ్యాను?"

"అదీ నేనే."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా అన్నీ మెల్లగానే అడిగారు. తర్వాత లేచి సామాన్ల గదికి వెళ్లారు. వంగారు బాబూ. వంగి లోపలికి వెళ్లి, నా పీట మీద కూర్చుని, నీ పెట్టెనూ వెనక స్విచ్చిలనూ ఒక్కొక్కటిగా చూశారు. బయటికి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "వానాకాలం గడిచింది. పెట్టె పాసైందని వాడికి రాయి. నువ్వూ పాసయ్యావు," అన్నారు.

తెర కుట్టడం అయిపోయింది. రాజీనామా కాగితం ఇచ్చేసి, అమ్మాయిని తీసుకుని రండి. కొట్టులో మరలు అందించడానికి నేనున్నాను.

మీ రాక కోసం పీట వేసుకు కూర్చున్న,
అత్తయ్య

తా.క. నన్ను ఆపే స్విచ్చి ఏదని మీ మామయ్య అడిగారు. ఎనిమిదోది చూపించాను. ఇప్పుడు నేనేదైనా అనడం మొదలుపెడితే లేచి వెళ్లి, వంగి, అది నొక్కి వస్తున్నారు. నేను కాసేపు ఊరుకుంటున్నాను. అన్నిటికన్నా ఇదే బాగా పనిచేస్తోందంటున్నారు. అది ఖాళీదని నువ్వు రాసిన ఉత్తరం ఆయనా చదివారు. మరిచిపోయారో ఏమో, నేను అడగలేదు. నువ్వు వచ్చాక దానికి తీగ మాత్రం కలపకు.